మాలీస్ గేమ్: ఆడినామె కథ కాదు, ఆడించినామె కథ

కోటగోడ, వరంగల్ | శనివారం రాత్రి 9:40

'మాలీస్ గేమ్' ఇంకోసారి చూసిన. 2017ల వచ్చిన సినిమా. ఆరన్ సోర్కిన్ అంతకుముందే పేరున్న రచయిత, డైరెక్షన్ మాత్రం దీంతోనే మొదలువెట్టిండు. మాలీ బ్లూమ్ అనే ఆమె 2014ల రాసుకున్న ఆత్మకథ దీనికి ఆధారం. జెస్సికా చాస్టెయిన్ చేసింది ఆ పాత్ర. మన దిక్కు దీని గురించి మాట్లాడుకున్నోళ్లు తక్కువ, అందుకే పెడుతున్న.

చూడనోళ్ల కోసం కథ కొంచెం చెప్తా. మాలీ చిన్నప్పటి సంది మంచుమీద స్కీయింగ్ చేసే పిల్ల. తండ్రి సైకాలజిస్టు, బిడ్డను కోచ్ లెక్క పెంచుతడు. ఒలింపిక్స్ ఎంపిక పోటీల చిన్న చెట్టుకొమ్మ తగిలి, బూటు బిగింపు ఊడి పడిపోతది. ఆడికెల్లి లాస్ ఏంజెలెస్ పోయి ఒకాయన దగ్గర పనికి చేరితే, ఆయన నడిపే పోకర్ అనే పత్తాలాట చూసుకునే పని ఈమె మీద పడుతది. సినిమా తారలు, పెద్ద వ్యాపారులు వచ్చే ఆట. కూసోవాలంటేనే పదివేల డాలర్లు. ఆయన పనిలకెల్లి తీసేస్తే, ఆటనే తన చేతిలకు తెచ్చుకుంటది. తర్వాత న్యూయార్క్‌ల రెండున్నర లక్షల డాలర్ల టేబుల్. ఆఖరుకు ఎఫ్‌బీఐ అరెస్టు.

నన్ను పట్టుకున్న సంగతి ఒక్కటే. ఆ టేబుల్ దగ్గర ఈమె పత్తా పట్టదు. జూదం సినిమాలల్ల కెమెరా ఎప్పుడు చూసినా ఆడెటోని చేతుల మీదనే ఉంటది. ఇందుల పక్కన కుర్చీల కూసొని లెక్క రాసుకునే మనిషి మీద ఉన్నది. ఎవడు ఎంత తెచ్చిండు, ఎవనికి ఎంతదాక అప్పు ఇయ్యొచ్చు, ఎవడు మాటమీద నిలవడతడు. మన ఊళ్లల్ల పత్తాలాట ముచ్చట వస్తే ఓడిపోయినోని గురించే చెప్పుకుంటం. ఆ ఆట నడిపినోడెవడు, వాని లెక్కేంది అని ఎవ్వలడగరు. ఈ సినిమా గదే అడిగింది.

---

సెకండ్ షిఫ్ట్, గోదావరిఖని | శనివారం రాత్రి 10:05

అన్నా, సినిమా మంచిదే, ఒప్పుకుంటా. కానీ ఆ మాటల వేగం! కింద వచ్చే అక్షరాలు చదివేలోపట ఇంకో నాలుగు మాటలు అయిపోతయి. మొదటి పది నిమిషాలల్ల స్కీయింగు, వెన్నెముక ఆపరేషను, తండ్రి, ఒలింపిక్స్ అన్నీ ఒక్క ఊపిరిల చెప్పేసింది. నేను ఆపి ఆపి చూసిన. హార్లన్ అనే ఆయన కథ దగ్గర మాత్రం ఆపాలనిపించలే. దిమాక్ పెట్టి, ఓపికతోని ఆడే మనిషి. చేతగానోడు అనుకున్న ఇంకొకని చేతిల ఒక్క ఆట మోసపోయిండు, గంతే. ఆ రాత్రి ఇగ లేవలే. పోయినయన్నీ ఆ రాత్రే తెచ్చుకోవాలె అని కూసున్నడు. ఇసొంటోళ్లను మా దగ్గర బోనస్ పడ్డ వారంల చూస్తం. రోజూ ఆడెటోడు కాదు, ఎన్నడూ ఆడనోడే ఆ వారం మునుగుతడు.

---

జంక్షన్, కాజీపేట | శనివారం రాత్రి 10:31

నాకు ఒకటి సమజ్ గాలే. ఈమె తప్పేంది? ఎవ్వల్ని మోసం చెయ్యలే, పత్తాలు మార్చలే, పన్నులు కట్టింది. ఆడినోళ్లు ఇండ్లకు పోయిండ్రు, ఈమె కోర్టుకు పోయింది. దీపావళి రాత్రి మా చుట్టాలందరం కూసొని ఆడుతం. మరి మా ఇల్లు గూడ నేరం చేసినట్టేనా? వకీల్ సాబ్ ఎవలన్న ఉంటే చెప్పండ్రి.

---

నల్లకోటు, సుబేదారి | శనివారం రాత్రి 11:18

మంచి ప్రశ్న. సినిమా గుండెకాయ ఇక్కడే ఉంది, కాబట్టి కొంచెం ఓపికగా చదవండి.

మాలీ మొదట్లో ఆటగాళ్లు ఇష్టపడి ఇచ్చే టిప్పుల మీదే బతికింది. టిప్పు తీసుకున్నంతకాలం ఆట ఆమెది కాదు, ఆతిథ్యం మాత్రమే ఆమెది అని చెప్పుకోవచ్చు. న్యూయార్క్‌లో అప్పులు ఇవ్వడం మొదలుపెట్టాక, ఓడినవాడు కట్టకపోతే గెలిచినవాడికి తనే కట్టాల్సి వచ్చింది. ఆ భారం మోయలేక ఒక పెద్ద ఆటలో టేబుల్ మీది సొమ్ము నుంచి వాటా తీయమని పత్తాలు పంచేవాడికి సైగ చేసింది. కేసు పుట్టింది ఆ సైగలోనే. న్యూయార్క్ చట్టంలో మామూలుగా కూర్చుని ఆడేవాడు నేరస్థుడు కాడు, ఆట నుంచి లాభం తీసేవాడే నేరస్థుడు. ఆ రాష్ట్ర చట్టాన్ని మీరి ఐదుగురో అంతకు మించో కలిసి నడిపే జూదవ్యాపారం అయితే ఫెడరల్ నేరం, అంటే అమెరికా కేంద్ర చట్టం కింద నేరం కూడా అవుతుంది. 2013 ఏప్రిల్‌లో ఆమెతో కలిపి 34 మంది మీద అభియోగాలు పెట్టారు.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బులో రమ్మీ ఆడుతున్నవాళ్లను పట్టుకున్న కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. సత్యనారాయణ కేసు అంటారు, తీర్పు 1967 నవంబరులో వచ్చింది. నిజాం కాలంనాటి హైదరాబాద్ జూద చట్టం, అప్పటి ఫస్లీ సంవత్సరాల లెక్కలో 1305 నాటిది, దాని కింద పెట్టిన కేసు. రమ్మీలో పడిన పత్తాలు గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచాలి ఏది వేయాలి ఆలోచించాలి కాబట్టి అందులో నైపుణ్యం ఉందని కోర్టు చెప్పింది. మూడు ముక్కలాట మాత్రం వట్టి అదృష్టం అంది. దాని వెంటనే ఇంకో మాట అంది, అది చాలామంది చదవరు. రమ్మీ అయినా సరే, ఆ ఆట మీద ఇంటి యజమానో క్లబ్బో లాభం తీస్తున్నట్టు రుజువైతే నేరం నిలబడవచ్చు అని. మాలీ చేసిన సైగకు, ఈ వాక్యానికి మధ్య వేల మైళ్లు, నలభై ఏళ్లకు పైనే. తర్కం ఒక్కటే.

తర్వాత వచ్చిన 1974 గేమింగ్ యాక్టులో సెక్షన్ 3 నడిపేవాడికి, సెక్షన్ 4 అక్కడ ఆడుతూ దొరికినవాడికి. పేపర్లో "పేకాట స్థావరంపై దాడి" వార్త కింద ఈ రెండే ఉంటాయి. అంటే న్యూయార్క్‌లా కాదు, మన దగ్గర ఆడేవాడూ తప్పించుకోలేడు. 2017లో తెలంగాణ ఈ చట్టాన్ని సవరించి, ఆన్‌లైన్ ఆటలను కూడా కలిపి, రమ్మీకి ఉన్న "నైపుణ్యం" రక్షణను తీసేసింది.

దీపావళి సంగతి: చట్టం అడిగేది ఆ చోటు జూదగృహంగా నడుస్తోందా, దాని మీద ఎవరైనా సంపాదిస్తున్నారా అని. చుట్టాలు కూర్చుంటే ఆ రుజువు దొరకదు. ఆ చుట్టాల్లో ఒకరు ప్రతి ఆటకూ ఇంత అని పక్కకు తీయడం మొదలుపెట్టిన రోజు కథ మారుతుంది.

---

మానేరు ఒడ్డు, కరీంనగర్ | ఆదివారం ఉదయం 6:52

అందరికి నమస్తే. నేను ఈ సినిమా చూడలే, మీరు రాసింది చదివిన. చదివినంక ఊకుండబుద్ధి కాలే.

మా తమ్ముడు పత్తాలల్ల భూమి పోగొట్టుకున్నడు. అమ్మా నాయిన సంపాయించిన భూమి. ఆట ఆడించినాయన మంచి బట్టలు కడ్తడు, మాటలు మెత్తగ మాట్లాడుతడు, పండుగకు పిల్లలకు కొత్త బట్టలు తెస్తడు. మా తమ్ముడు ఓడినప్పుడల్లా "ఫికర్ చెయ్యకు, నేనున్న" అని పైసలు చేతిల పెట్టింది ఆయనే. ఆ "నేనున్న" అన్న మాటకు వడ్డీ కట్టింది మా అమ్మ. ఇప్పుడు మీరందరు ఆ కుర్చీల కూసున్నామె తెలివి గురించి, ధైర్యం గురించి మాట్లాడుతుంటే నాకు కష్టమైతున్నది. సినిమా ఆమెను మంచిదాన్ని చేసిందా? చేస్తే ఎట్ల చేసింది? నిజంగనే అడుగుతున్న.

---

కోటగోడ, వరంగల్ | ఆదివారం ఉదయం 8:20

అక్కా, మీరు రాసింది చదివి కొద్దిసేపు ఏం రాయాల్నో తోచలే. మీ ప్రశ్నకు సూటిగనే చెప్తా.

సినిమా ఆమె పక్కనే నిలవడ్డది, అందుల దాపరికం లేదు. కథ మొత్తం ఆమె గొంతుతోనే వింటం. కానీ "నేనున్న" అన్న మాట ఎంత ప్రమాదమో గూడ అదే సినిమా చూపించింది. హార్లన్ మునుగుతుంటే ఆపాల్నని ఈమె చూస్తది, ఇంటికి పొమ్మంటది. అయినా ఆ టేబుల్ వేసింది ఆమెనే, ఆ కుర్చీ ఇచ్చింది ఆమెనే. అదే హార్లన్‌కు ఆ టేబుల్ మీదనే ఆడే ఒక పెద్ద ఆటగాడు వెనుక నుంచి సొమ్ము పెట్టి, వాడు గెలిస్తే తను వాటా తీసుకుంటున్నడని తర్వాత బయటవడుతది. మైకేల్ సెరా చేసిన పాత్ర అది, పేరు గూడ ఉండదు, ప్లేయర్ ఎక్స్ అంటరు. పోకర్ మీద ఇష్టంతో కాదు, మనుషుల బతుకులు కూలగొట్టుడే తనకు ఇష్టమని మొహమాటం లేకుండ చెప్తడు. జూదం సినిమాల్లో ఇంత నిజం మాట నేను వినలే. మీ తమ్ముని దగ్గర మెత్తగ మాట్లాడినాయన ఈ ఇద్దరిల ఎవలో మీకే తెలుస్తది.

---

ఒగ్గు డోలు, జనగామ | ఆదివారం ఉదయం 10:44

మాటల వేగం గురించి సెకండ్ షిఫ్ట్ అన్న రాసిండు. నాకు ఆ వేగమే బాగ నచ్చింది, కారణం చెప్తా. ఒగ్గు కథల ముందట నిలవడ్డాయన కథ ఎత్తుకుంటడు, పక్కన ఒకాయన అడ్డం తగిలి అడుగుతడు, డోలు ఆగిన దగ్గర మాట పడుతది. కథ చెప్పేటాయనే మధ్యల పాత్ర అయితడు, మళ్లా చెప్పేటాయన అయితడు. ఈ సినిమాల మాలీ గూడ గట్లనే. ఆమె చెప్తుంటే వకీల్ పాత్ర, ఇద్రిస్ ఎల్బా, అడ్డం తగిలి ప్రశ్నలు ఏస్తడు. ఇద్దరి మధ్య కథ నడుస్తది. ఆ వకీల్ పాత్ర కల్పించిందే గానీ, లేకుంటే ఆమె మాటలు అడ్డు లేకుండ పోయేటివి. ఆయన మొదట కేసు తీసుకోనంటడు, ఆమె పుస్తకం చదివి నవ్వుకుంటడు, తర్వాత ఒక్కొక్క ప్రశ్నకు ఆమె జవాబు చూసి మారుతడు. ఆ మార్పును అరుపులతోని చూపియ్యలే, ప్రశ్నలు మెల్లగ మారుడుతోని చూపిచ్చిండ్రు. ఈ రచనకు ఆస్కార్ నామినేషన్ ఊకనే రాలే.

ఒక్కటి మాత్రం నాకు పడలే. చివర్ల తండ్రి వచ్చి బెంచీ మీద కూసొని, మూడేండ్ల వైద్యం మూడు నిమిషాలల్ల చేస్తా అన్నట్టు ఆమె మనసుల ఉన్నదంతా ఆయనే విప్పి చెప్పుడు. కెవిన్ కాస్ట్‌నర్ బాగనే చేసిండు. కానీ అంత సేపు తన కథ తానే చెప్పుకున్న ఆడమనిషి గుట్టు ఆఖరుకు తండ్రి నోట చెప్పించుడు ఎందుకు?

---

చాళుక్య, హన్మకొండ | ఆదివారం మధ్యాహ్నం 12:15

జనగామ సోదరుడి అభ్యంతరంతో నేనూ ఏకీభవిస్తాను. నేను తెలుగు చెప్పి రిటైరైనవాణ్ణి, నాకు ఈ సినిమా చూస్తుంటే సభాపర్వం గుర్తుకొచ్చింది. మన సాహిత్యంలో జూదం సన్నివేశం అనగానే పాచికలు, శకుని నవ్వు, ధర్మరాజు దిగులు చెప్పుకుంటాం. నిజానికి ఆ సభలో జరిగింది వాదన. ద్రౌపది కన్నీళ్లకంటే ముందు ఒక ప్రశ్న పంపింది: నన్ను ముందు ఒడ్డాడా, తనను ముందు ఒడ్డాడా? తనను తాను ఓడిపోయినవాడికి నన్ను ఒడ్డే హక్కు ఎక్కడిది? ఇంతకంటే పదునైన న్యాయ ప్రశ్న ఏ కోర్టు సినిమాలోనూ లేదు. భీష్ముడు ధర్మం సూక్ష్మమైనదని తప్పుకున్నాడు. కౌరవుల్లోనే వికర్ణుడు లేచి ఆమె మాట నిజమన్నాడు.

ఆ ఆటలో ఇంకో చిక్కు ఉంది. పందెం సొమ్ము దుర్యోధనుడిది, పాచికలు వేసింది శకుని. ఒకరి కోసం మరొకరు ఆడటం సరికాదని ధర్మరాజే అన్నాడు, అని కూడా కూర్చున్నాడు. హార్లన్ వెనుక వేరేవాడి సొమ్ము ఉందని కోటగోడ గారు రాశారు కదా, ఆ చోట నాకు ఇదే తట్టింది. ఇక్కడా న్యాయం అడిగింది ఒక స్త్రీ, కాకపోతే ఈమె ఆట పెట్టిన మనిషి కూడా. ఆ రెండూ ఒకే మనిషిలో ఉండటం వల్లే ఈ పాత్ర తేలిగ్గా కొరుకుడు పడదు.

---

జంక్షన్, కాజీపేట | ఆదివారం మధ్యాహ్నం 1:02

సార్, ఎంత బాగ చెప్పిండ్రు. నాకు ఇంకో సందేహం. ఆమె దగ్గర ఉన్న కంప్యూటర్ డిస్కులు ఇస్తే, జప్తు చేసిన సొమ్మంతా వడ్డీతోని వాపస్ ఇస్తమని గవర్నమెంటోళ్లు అన్నరు. ఇయ్యలే. ఆ పెద్దోళ్ల ముచ్చట్లు, వాళ్ల ఇండ్ల గుట్టు బయట పెట్టనన్నది. అది గొప్పనా? పైసలున్నోళ్ల పరువు కాపాడుడే కదా?

---

మానేరు ఒడ్డు, కరీంనగర్ | ఆదివారం మధ్యాహ్నం 1:40

నేను అడగాలనుకున్నది నువ్వే అడిగినవ్ తమ్మి. పెద్దోళ్ల పేర్లు దాచిపెట్టుడు పెద్ద మనసే కావొచ్చు. ఆ టేబుల్ మీద మునిగిన మనిషి పెండ్లాం, పిల్లలు ఏమైనరు? వాళ్ల కోసం ఎవలన్న ఏమన్న దాచిపెట్టిండ్రా?

---

కోటగోడ, వరంగల్ | ఆదివారం మధ్యాహ్నం 2:25

నేను ఆమె దిక్కే మాట్లాడుతా, కోపం తెచ్చుకోకు అక్కా. ఆ డిస్కులల్ల ఉన్నది జూదం లెక్కలు ఒక్కటే కాదు, ఆడెటోళ్లు ఆమెకు పంపిన సొంత సందేశాలు. అవి బయటికొస్తే బజార్ల పడేది ఆ మొగోళ్ల పెండ్లాం పిల్లల బతుకులని ఆమె చెప్తది. అంటే మీరడిగిన పెండ్లాం పిల్లలు ఆమె మనసుల ఉన్నరు. పోయిన సొమ్ము మాత్రం వాళ్లకు రాలే, ఆ మాట నిజం. వకీల్ పాత్ర గవర్నమెంటు వకీళ్ల ముందట నిలవడి ఆమె గురించి మాట్లాడే సీను ఇంకోసారి చూడండి. సొమ్ము వదులుకున్నది, అప్పులు వసూలు చేయడానికి మనుషులను పంపలే, చేతిల ఉన్న రహస్యాలను అమ్ముకోలే అని లెక్క చెప్తడు. వసూలు చేసిపెడ్తమని మాఫియా వాళ్లు వచ్చినప్పుడు వద్దన్నందుకు ఇంట్ల చొరవడి కొట్టిండ్రు ఆమెను. మన ఊళ్లల్ల ఆట నడిపేటోళ్లల్ల వసూలుకు మనుషులను పంపనోడు ఒక్కడన్న ఉన్నడా? నాకు ఈ పాత్ర మీద గౌరవం వచ్చింది ఆడనే.

---

రైలుగేటు, జగిత్యాల | ఆదివారం సాయంత్రం 5:10

అన్నలు, నాది చిన్న మాట. నా తోటి పోరగాళ్లకు ఈ టేబులు, కుర్చీ, మెత్తటి మాట ఏమీ లేవు. ఫోన్ల రమ్మీ, ఫోన్ల బెట్టింగు. మన రాష్ట్రంల 2017లనే ఆపినా, ఫోన్ల వేరే రాష్ట్రంల ఉన్నట్టు చూపిచ్చి ఆడినోళ్లు నాకు తెలుసు. 2025 ఆగస్టుల కేంద్రం పైసలతో ఆడే ఆన్‌లైన్ ఆటలన్నీ నిషేధిస్తూ చట్టం చేసింది, నడిపేటోళ్లకు మూడేండ్ల దాక జైలు, కోటి దాక జుర్మానా అని విన్నప్పుడు సంతోషమైంది. మాలీ టేబుల్ దగ్గర కనీసం "ఇగ చాలు, ఇంటికి పో" అనే మనిషి ఉన్నది. ఫోన్ల ఆ మాట చెప్పేటోడు లేడు. ఓడిన వెంటనే బోనస్ ఇస్తనని పిలుస్తది.

---

సెకండ్ షిఫ్ట్, గోదావరిఖని | ఆదివారం రాత్రి 9:15

తమ్మి కరెక్ట్ చెప్పిండు. వకీల్ సాబ్, ఆఖరుకు శిక్ష అంత తక్కువ ఎట్ల పడ్డది? మన దగ్గర గట్ల ఒప్పుకుంటే తగ్గిస్తరా?

---

నల్లకోటు, సుబేదారి | ఆదివారం రాత్రి 10:02

సినిమాలో జడ్జి చెప్పే కారణం వినండి. ఈ కోర్టు నుంచి నడిచిపోయేంత దూరంలో వాల్ స్ట్రీట్ ఉంది, అక్కడ మధ్యాహ్న భోజనం వేళకు ఇంతకన్నా పెద్ద నేరాలు జరుగుతాయి అంటాడు. నిజ జీవితంలో 2014 మేలో ఆమెకు పడింది ఏడాది ప్రొబేషన్ (జైలుకు బదులు బయటే పర్యవేక్షణలో ఉండటం), 200 గంటల సమాజ సేవ, వెయ్యి డాలర్ల జరిమానా. జప్తు సొమ్ము వేరే.

మన దగ్గర నేరం ఒప్పుకుని శిక్ష తగ్గించుకునే పద్ధతి 2006 నుంచి ఉంది. ఏడేళ్లకు మించని శిక్ష ఉన్న నేరాలకే అది, స్త్రీల మీద, పిల్లల మీద జరిగిన నేరాలకు వర్తించదు. అప్రూవర్‌గా మారడం వేరు, తోటివాళ్ల మీద సాక్ష్యం చెప్తే క్షమాభిక్ష. మాలీకి చూపించిన ఆశ అలాంటిది, ఆమె తీసుకోలేదు. తప్పు ఒప్పుకుంది, పేర్లు చెప్పలేదు.

కరీంనగర్ అక్కకు ఒక మాట చెప్పాలి. మన కాంట్రాక్టు చట్టం 1872 నాటిది, దాని సెక్షన్ 30 ప్రకారం పందెం ఒప్పందం చెల్లదు, పందెంలో గెలిచిన సొమ్ము కోసం దావా వేయలేరు. అందుకే ఆట నడిపేవాళ్లు బాకీని చేబదులుగా మార్చి ప్రామిసరీ నోటు రాయించుకుంటారు, సంతకం చేసిన ఖాళీ చెక్కు దగ్గర పెట్టుకుంటారు. తర్వాత చెక్కు బౌన్సు కేసు వేస్తారు. అక్కడ చెక్కు అప్పు కోసమే ఇచ్చాడని కోర్టు మొదట నమ్ముతుంది, కాదని చూపించే బాధ్యత మన మీద పడుతుంది. ఆ చూపించడం సాధ్యమే, కానీ మొదటి రోజు నుంచే చూపించాలి.

---

మానేరు ఒడ్డు, కరీంనగర్ | ఆదివారం రాత్రి 10:20

వకీల్ సార్, మా తమ్ముని సంతకం పెట్టిన చెక్కు ఒకటి ఆయన దగ్గరనే ఉన్నది. మొన్న రిజిస్టర్ పోస్టుల నోటీసు వచ్చింది. వాడు భయపడి చింపబోతే నేను గుంజుకొని దాచిపెట్టిన. ఇప్పుడు ఏం చెయ్యాలె?

---

నల్లకోటు, సుబేదారి | ఆదివారం రాత్రి 10:34

దాచి మంచి పని చేశారక్కా. కవరు కూడా పారేయకండి, దాని మీది తారీఖు కావాలి. నోటీసు అందిన రోజు నుంచి కట్టడానికి పదిహేను రోజులు ఇస్తారు, అది దాటితే వాళ్లు కేసు వేయవచ్చు. ఆ లోపలే వకీలు ద్వారా జవాబు పోవాలి, ఇది ఆటలో బాకీ, అప్పు కాదు అని అందులోనే రాయాలి. ఊరుకుంటే తర్వాత ఎంత చెప్పినా బలం తగ్గుతుంది. ఆ ఆట ఎక్కడ జరిగింది, ఎవరెవరు ఉన్నారు, ఏ రోజుల్లో తమ్ముడి ఖాతా నుంచి సొమ్ము పోయింది, గుర్తున్నంత ఒక కాగితం మీద రాయించండి. ఫోన్‌లో ఆయన పంపిన సందేశాలు ఒక్కటి కూడా తీసేయనివ్వకండి. ఆట ఆడినట్టు తమ్ముడు ఒప్పుకోవాల్సి వస్తుంది కాబట్టి ఆ జవాబు రాసే ముందు వకీలు అతనితో విడిగా మాట్లాడాలి.

జిల్లా కోర్టు ఆవరణలో న్యాయ సేవాధికార సంస్థ ఉంటుంది. ఆదాయంతో పని లేకుండా స్త్రీలకు అక్కడ వకీలును ఉచితంగా ఇస్తారు. చెక్కు తమ్ముడిది కాబట్టి అతనికి ఆదాయ పరిమితి చూస్తారు, భూమి పోయిన కాగితాలు వెంట తీసుకుపోండి.

---

మానేరు ఒడ్డు, కరీంనగర్ | ఆదివారం రాత్రి 10:51

నోటీసు కవరు బీరువలనే ఉన్నది సార్. తమ్ముడు పక్కనే కూసున్నడు, మీరు రాసింది చదివి వినిపిచ్చిన. ఫోను నా చేతికిచ్చిండు. రేపు పొద్దుగాల ఇద్దరం కోర్టుకు పోతున్నం.